ధనభాగ్యం అత్త నీలం సీసాలు

కోసపాళయం, పుదుచ్చేరి
9 జూన్ 2025

వసంతక్కా,

"ఇక్కడ అందరం బాగున్నాం" అని ఉత్తరం మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పించావు. ఇక్కడ అందరం బాగులేము. కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నా, మార్కులు తగ్గించుకో.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ చెవి మిషను ఈల వేస్తే నేను సగం ఊరికి వినబడేలా అరవాలి. వాట్సాపులో పెడితే మా ఇంట్లో అందరూ చదువుతారు. తెలుగులో రాసిన కాగితమైతే నడింట్లో పడేసినా భయం లేదు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని తెలుగక్షరం వచ్చినది నేనొక్కదాన్నే. కోడలు కవిప్రియ తమిళప్పిల్ల, ఆమెకు ఇది ముగ్గులా కనిపిస్తుంది.

విషయానికి వస్తా. మన ధనభాగ్యం అత్త మందుసీసాల పెట్టె ఎవరికో ఒకరికి అప్పజెప్పేస్తుందంట. ఆడి పద్దెనిమిది పండగ నాడు, అంటే ఆగస్టు మూడున. "చేతులొణకతా ఉండాయి, పసిబిడ్డ నోట్లో పోసే మందు పక్కమీద పోస్తా ఉండా. ఇంక నా వల్ల కాదబ్బా" అంది. వాము నీళ్ళు కాచేది, ఆముదం మార్చేది, బిడ్డలకు పోసేది రెండేళ్ళుగా నేనే కదా. అయినా పరీక్ష లేకుండా ఇవ్వదంట. మన వంశాచారం! ఇంట్లో పుట్టినవాళ్ళయినా మెట్టినవాళ్ళయినా సరే, కళ్ళకు గంత కట్టుకుని ఒక్కొక్క సీసాలో ఏముందో చెప్పాలి. తొమ్మిదీ ఒకే నీలం, ఒకే ఎత్తు. వాసన తప్ప వేరే ఆనవాలు లేదు.

నాకేం భయం అనుకుంటావు. పక్కింట్లో రసం పొంగితే మిరియం ఎక్కువైందని గోడ ఇవతలినుంచి చెప్పే ముక్కు నాది. అక్కా, ఆ ముక్కు పోయింది. జనవరిలో జ్వరం వచ్చింది చూడు, అప్పటినుంచి మల్లెపువ్వూ మురిక్కాలవా నాకు ఒకటే. డాక్టరు "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. దానికి ఫీజు కూడా తీసుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పప్పు మాడిపోతే మీ మరిది "వాసన రాలేదా?" అన్నాడు. "నీ మాటలు వింటా ఉన్నా, మిగతావేవీ తెలియలేదు" అన్నా. అరగంట మురిసిపోయాడు పాపం.

తమ్ముడు పట్టాభికి మాత్రం తెలియకూడదు. పోయిన ఏడు ఆ సీసాలు తన గెస్ట్‌హౌస్‌కు అడిగాడు. నా ముక్కుకు భయపడి ఇప్పుడు పోటీకి రాలేదు. వాడు రాకపోతే అత్త పేరుకు ఒక సీసా చూపించి ఇచ్చేస్తుంది. ఆ ఒక్క సీసా ఎట్లా దాటాలో నువ్వే చెప్పు. నీకు వస కొమ్ము పేరు వింటేనే తుమ్ములు కాబట్టి నువ్వు పోటీకి రావని ధైర్యంగా అడుగుతున్నా.

ముక్కు ఉండీ లేని నీ చెల్లెలు,
తిలకవతి

---

పుత్తూరు
16 జూన్ 2025

చి. తిలకానికి,

నీ ఉత్తరం చదివి మీ బావా నేనూ కడుపుబ్బ నవ్వుకున్నాం. ముక్కు పోయిందా? చాలా బాగుంది. రెండేళ్ళ కిందట ఫ్రెంచి నేర్చుకుంటున్నానని నాలుగు పేజీలు రాశావు. నేను దాన్ని పట్టుకుని తిరుపతిలో ఒక లెక్చరరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, "అమ్మా, ఇది ఏ భాషా కాదు" అన్నారు. ఆ ముందేడు ఇల్లు అమ్మేశామని రాసి నన్ను బస్సెక్కించావు. వచ్చేసరికి గుమ్మంలో నిలబడి "ఇల్లు ఎక్కడికీ పోలేదు, నిన్ను చూడాలనిపించింది" అన్నావు. ఇన్ని చూశాక ఇంకా నమ్ముతానా? నన్ను ఆడి పద్దెనిమిదికి రప్పించాలని ఈ ఎత్తు వేసుంటావు. మోకాలికి ఆపరేషను అయి నెలే అయింది. రాలేను, ఇంకో ఎత్తు వెయ్యి.

మొన్న పట్టాభి ఇక్కడ పెళ్ళికి వచ్చి మా ఇంట్లో భోంచేశాడు. వాడితో కూడా చెప్పి నవ్వాను, "మీ చిన్నక్క ముక్కు పోయిందట, కొత్త నాటకం" అని. వాడు మాత్రం నవ్వలేదు. పాయసం రెండోసారి పోయించుకుని, "నిజమా?" అని మాత్రం అడిగాడు.

మల్లెతోట బాగా పూస్తోంది. ఆరోగ్యం జాగ్రత్త.

ఆశీస్సులతో,
వసంతకుమారి

---

కోసపాళయం
23 జూన్ 2025

పంతులమ్మగారికి,

మీరు చేసిన ఘనకార్యానికి దండ వేద్దామంటే ఏ పువ్వు మంచిదో వాసన చూసి చెప్పలేను.

పట్టాభి ఆపిల్‌పళ్ళ బుట్టతో నటేశన్ నగర్‌లో అత్త ఇంట్లో దిగాడు. "అత్తా, నేనూ పరీక్షకు కూర్చుంటా. మగవాళ్ళు కూర్చోగూడదని ఏం లేదే?" అన్నాడంట. అత్తకు న్యాయం పిచ్చి కదా. "కూర్చోరా, దానికేంది" అంది. ఇప్పుడు పెద్ద బజారులో వాము, వస, పిప్పలి, జాజికాయ, లవంగం అన్నీ కొని, గెస్ట్‌హౌస్ ఆఫీసురూములో కళ్ళు మూసుకుని వాసన చూస్తున్నాడంట. రూము అద్దెకు అడగడానికి వచ్చిన తెల్లవాళ్ళు అది యోగా అనుకున్నారంట.

సీసాలు గెలిస్తే ఏం చేస్తాడో తెలుసా? రిసెప్షన్ బల్ల వెనక గాజుపలక మీద వరసగా పెట్టి, ఒక్కొక్కదానికి అడుగున చిల్లి పొడిచి, లోపల బల్బు వేస్తాడంట. నాతోనే చెప్పాడు, గొప్పగా. "నీలం వెలుగు ఎట్లుంటాదో చూడక్కా!" అని. ఫ్రెంచివాళ్ళ కాలంలో ఒక దొర మందులంగడి మూసి పోతా ఉంటే ముత్తాత కొన్న సీసాలు అవి. నువ్వూ నేనూ పట్టాభీ కడుపునొప్పికి ఏడ్చి, వాటిలోనిది మింగి నిద్రపోయినవాళ్ళం. ఇవాళ కూడా పొద్దున్నే అత్త గుమ్మం ముందు ఎవరో ఒకరు చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడతారు. చిల్లి పడ్డ సీసాలో ఏం పోస్తాం అక్కా? కరెంటా?

నాటకాలాడేదాన్నే, ఒప్పుకుంటా. ఇది నాటకం కాదు. నాకు ఈ జన్మలో ఒక్క పని చేతనైంది. ఎనిమిదో క్లాసుతో బడి మానేసినదాన్ని నలుగురు బిడ్డతల్లులు వెతుక్కుంటూ వచ్చి "అక్కా, వీడికేంది చూడు" అంటారు. అదొక్కటీ పోతే నేను ఎవరినో నువ్వే రాయి.

కోపంతో,
తిలకం

---

పుత్తూరు
30 జూన్ 2025

చి. తిలకానికి,

నీ ఉత్తరం అందింది. చదివాను. రెండుసార్లు చదివాను. నువ్వూ పట్టాభీ కలిసి ఆడుతున్న ఆట కాదని ఎలా నమ్మను? అందుకే ఈ సంగతి మీద ఇప్పుడేమీ రాయను.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. మీ బావ కొత్తగా ఒక గొడుగు కొన్నారు, అది ఆయనకే నచ్చలేదు. ఎదురింటివాళ్ళు కుక్కను పెంచుతున్నారు. ఉత్తరం ఎలా అందిందో వెంటనే రాయి.

ఆశీస్సులతో,
వసంతకుమారి

---

కోసపాళయం
7 జూలై 2025

అక్కా,

నేను గుండె కోసి రాస్తే నువ్వు గొడుగు గురించి రాశావు. సంతోషం. బావకు నచ్చని గొడుగును నాకు పంపించు, పట్టాభిని బాదడానికి పనికొస్తుంది.

ఉత్తరం ఎట్లా అందింది అంటావా? అవమానంగా అందింది. పోస్టుమాన్ చెంగల్రాయన్ దాన్ని చచ్చిన ఎలుకను తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని, దూరంనుంచే చాపి, "మీ అక్క ఊళ్ళో ఏం యాపారం చేస్తాదమ్మా?" అన్నాడు. "టీచరు" అన్నా. "టీచరా!" అని అదోలా చూసి పోయాడు. మీ మరిది నేను చదువుతుంటే కంచం ఎత్తుకుని వసారాలోకి పోయి తిన్నాడు. కవిప్రియ అయితే మరీ! నేను స్నానానికి పోయి వచ్చేసరికి నీ ఉత్తరాన్ని మేడమీద బట్టల తీగకు క్లిప్పు పెట్టి ఆరేసింది. తనకు చదవరాని ఉత్తరాలు నాకు వస్తున్నాయని ఓర్వలేనితనం! అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఒన్నుమిల్లె అత్తా" అంటుంది. ఏమీ లేకపోతే ఆ మొహం ఎందుకట్లా పెట్టింది? ఆ పిల్ల మంచిది అనుకున్నా. ఇన్నాళ్ళకు తెలిసింది.

ఇంట్లో నాకు తోడు లేరు, పుత్తూరులో నమ్మేవాళ్ళు లేరు. పరీక్ష దగ్గరకొచ్చేసింది.

ఇట్లు,
ఒంటరిది

---

పుత్తూరు
12 జూలై 2025

నా బంగారు తిలకం,

ముందు ఆ కోడలిపిల్లను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకో. తప్పు దానిది కాదు, నాది.

పోయిన ఉత్తరాన్ని కవరుతో సహా మూడు రోజులు ఇంగువ డబ్బాలో పెట్టి పంపాను. మామూలు ఇంగువ కాదు, బావ స్నేహితుడు తెచ్చిచ్చిన ముద్ద ఇంగువ. డబ్బా మూత తీస్తే ఎదురింటి కుక్క అరుస్తుంది. నీకు ముక్కు ఉంటే మొదటి వాక్యంలోనే నన్ను తిట్టేదానివి, నీ నోరు నాకు తెలియదా? చెంగల్రాయన్ రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, మరిది కంచం ఎత్తుకున్నాడు, కవిప్రియ ఆరేసింది. నువ్వొక్కదానివే ఏమీ తెలియక కూర్చుని, ఆ అమ్మాయి మీద కోపం పెంచుకున్నావు. అది చదివి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. బావ "ఏమైంది?" అంటే "తిలకం నిజం చెప్పింది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

పట్టాభికి చెప్పి నీ గొయ్యి తవ్వింది నేనే. కాబట్టి దారీ నేనే వెతకాలి. రాత్రంతా ఆలోచించాను. నీకు గుర్తుందా, నీకు ఎనిమిదేళ్ళప్పుడు అత్త ఊళ్ళో లేని రోజున తొమ్మిది సీసాల బిరడాలూ మార్చి పెట్టావు? అవి గాజు బిరడాలు. పాతకాలంలో ఒక్కొక్క బిరడానూ దాని సీసా మూతిలోనే పెట్టి అరగదీసేవారట. ఒకదాని బిరడా ఇంకోదానికి పట్టదు. అత్త తిరిగొచ్చి నిన్ను కొట్టలేదు. నీ కళ్ళకు తన పైట కట్టి, "ఏ బిరడా యాడిదో చేత్తోనే కనిపెట్టి పెట్టు. అన్నీ కుదిరిందాకా అన్నం లేదు" అంది. ఆ వేసవంతా నీకు అదే శిక్ష, అదే ఆట. చివరికి నువ్వు పేర్లు కూడా పెట్టావు: ఏడ్చేది, మొండిది, జారుడుది అని.

తిలకం, అత్త పరీక్షలో అడిగేది "ఇదేంది?" అని ఒక్కటే. ముక్కుతో చెప్పాలని ఆమె ఎప్పుడూ అనలేదు. ఏ మందు సీసాలో ఎప్పుడూ ఆ మందే పోస్తుంది కదా, సీసా నీ చేతికి ఇమ్మని అడుగు.

నమ్మని అక్క,
వసంత

---

కోసపాళయం
21 జూలై 2025

అక్కా,

ఇంగువ సంగతికి నీతో తర్వాత లెక్క చూసుకుంటా. మర్చిపోతాననుకోవద్దు.

కవిప్రియకు అంతా చెప్పేశా. విన్నాక ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? మొన్న నేను వండిన సాంబారు గిన్నె తెచ్చి చూపించి, "అత్తా, ఇది పులిసిపోయి రెండు రోజులైంది. మీరు బాధపడతారని తిన్నాను" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంత మంచిదాన్ని నీ ఇంగువ వల్ల తిట్టుకున్నా.

అత్త ఇంటికి రోజూ పోయి, ఆమె కునుకు తీసేటప్పుడు కళ్ళు మూసుకుని బిరడాలు తిప్పుతున్నా. అక్కా, చెయ్యి ఏదీ మర్చిపోలేదు! వాము నీళ్ళ బిరడా తిప్పితే ఇప్పటికీ పసిబిడ్డలా కీచుమంటుంది. ఆముదానిది జారుతుంది. ఇంగువ నీళ్ళది మొండిది, కిందికి నొక్కి తిప్పాలి. కర్పూర తైలానిది మెత్తగా కూర్చుని, తీసేటప్పుడు ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తుంది. లవంగం నూనెది ఎడమకే తిరుగుతుంది, నా మాదిరి. తొమ్మిదీ తొమ్మిది మనుషులు అక్కా. నిన్నటిదాకా ఎగిరి గంతులేశా.

ఇవాళ పోతే పెట్టె లేదు. పట్టాభి తీసుకుపోయాడంట. "ఇచ్చేవి బాగా ఇద్దాం అత్తా, మెరుగు పెట్టించి ఆ రోజుకు తెస్తా" అన్నాడంట. ఆమె సరే అంది. ఇంక పరీక్షనాడే వాటి మొహం చూసేది. సీసా వాడి ఇంట్లో ఉంటే వాడు రోజుకు ఎన్నిసార్లు ముక్కుకు ఆనించి మూచూస్తాడో చూడు.

నీ,
ఏడ్చేది, మొండిది, జారుడుది

---

పుత్తూరు
26 జూలై 2025

తిలకం,

సీసాలు వాడి ఇంట్లో ఉండవచ్చు. వేసవంతా శిక్ష అనుభవించిన చెయ్యి నీ దగ్గరే ఉంది. ధైర్యంగా వెళ్ళు. గోళ్ళు కత్తిరించుకో, చేతికి నూనె రాసుకోకు. ఏం జరిగినా మర్నాడే రాయి. నేను పోస్టుమాన్ కోసం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

వసంత

---

కోసపాళయం
4 ఆగస్టు 2025

అక్కా, అక్కా, అక్కా,

తినడానికి ఏమైనా తెచ్చుకుని కూర్చో. ఈ ఉత్తరం పొడుగు.

నిన్న అత్త ఇంట్లో హాలంతా చాపలు పరిచారు. చింతపండన్నం, నిమ్మకాయన్నం, పెరుగన్నం, అప్పడాలు. బాహూరునుంచి మనవాళ్ళు ఇరవైమంది దాకా దిగారు. చెరువు నిండిందా లేదా అని మాట్లాడుకోవడం మానేసి పరీక్ష చూడటానికి గోడలకు ఆనుకుని కూర్చున్నారు. పట్టాభి పట్టుపంచె కట్టి, పెట్టెను పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. నిజం చెప్పాలి కదా, సీసాలు మెరిసిపోతున్నాయి. అత్త కూడా, "నీలం బాగా తేలినాదిరా" అంది. వాడు నన్ను చూసి తల ఎగరేశాడు.

వాడిదే మొదలు. గంత కట్టారు. కవిప్రియను బిరడా తీసి సీసా వాడి ముక్కు కింద పెట్టమంది అత్త. వాడు గాలి పీలుస్తాడు, తల ఊపుతాడు, చెప్తాడు. వాము. ఇంగువ. జాజికాయ. ఒక్కటి తప్పలేదు అక్కా! ఆముదం దగ్గర కొంచెం తడబడి, వేలు ముంచుతానంటే అత్త వేలి మీద ఒక్కటేసింది. ముక్కుతోనే చెప్పాడు. చివరిది లవంగం నూనె అనేసరికి బాహూరువాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళముందు తొమ్మిది బల్బులు వెలిగాయి.

నా కళ్ళకు గంత కట్టింది అత్తే.

"సీసా నా చేతికియ్యి అత్తా" అన్నా.

"ఏందక్కా, ముక్కు చేతిలోకి దిగిందా?" అన్నాడు పట్టాభి. కొందరు నవ్వారు.

"నా ముక్కు యాడుంటే నీకేందిరా? నీది గెస్ట్‌హౌస్‌లో అద్దెకిచ్చి వచ్చినావా?" అన్నా. ఇంకొందరు నవ్వారు.

"ఇయ్యండి చేతికి" అంది అత్త.

మొదటి సీసా తీసుకుని బిరడా తిప్పా. ఏడవలేదు. జారలేదు. సగం తిరిగి ఇరుక్కుంది. ఇట్లాంటి సీసా మన పెట్టెలో లేదు! పక్కన పెట్టి రెండోది తీసుకున్నా. కదిలే పన్నులా లొడలొడలాడింది. మూడోదీ అంతే. అక్కా, ముక్కు పోయినట్టే చెయ్యి కూడా పోయింది అనుకున్నా. హాల్లో గుసగుసలు. పట్టాభి గొంతు మెల్లగా, తియ్యగా, "వాసన రాలేదా అక్కా? పోనీలే, వయసైతా ఉండాది" అంది.

మూడోదాని బిరడా మళ్ళీ ఒకసారి తిప్పా. ఆ లొడలొడ ఎక్కడో విన్నాను. ఎక్కడ? తట్టింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, నేను బిరడాలు మార్చినప్పుడు, ఇదే లొడలొడ! తప్పు నా చేతిది కాదు.

"అత్తా, ఇవి మన బిరడాలే. ఒక్కటీ దాని సీసా మీద లేదు" అన్నా.

అత్త, "ఏందిరా పట్టాభీ?" అంది.

వాడు నసిగాడు. "మెరుగు పెట్టేటప్పుడు పనోళ్ళు బిరడాలన్నీ తీసి సబ్బునీళ్ళ బేసిన్‌లో ఏసినారు. సీసాల మూతికి బట్ట కట్టినారులే. అన్నీ ఒకటే సైజే కదత్తా?"

"ఒకటే సైజంట!" అంది అత్త. ఆ రెండు మాటలు ఆమె అన్న తీరు నేను కాగితం మీద రాయలేను.

"తొమ్మిదీ నా ముందర పెట్టండి" అన్నా.

కూర్చున్నా అక్కా. పైట నడుముకు దోపి, బాసింపట్టు వేసుకుని. ఒక బిరడా తీస్తా, ఒక మూతిలో పెట్టి చూస్తా. కాదు. పక్కదాంట్లో. కాదు. ఇంకోదాంట్లో పెట్టి తిప్పా, కీచుమంది! పసిబిడ్డలా ఏడ్చింది. ఏడుపు విని నేను అంత సంతోషపడింది మావాడు పుట్టినప్పుడే. "ఇది వాము నీళ్ళు" అన్నా. తర్వాతది నొక్కితే తప్ప తిరగలేదు. "వచ్చినావా మొండిదానా, ఇంగువ." జారింది, ఆముదం. ముద్దు పెట్టింది, కర్పూర తైలం. ఒక్కొక్క బిరడా తన ఇంట్లో కూర్చుంటా ఉంటే, ఒక్కొక్క పేరు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆఖరిది ఎడమకు తిప్పా. "ఇది లవంగం నూనె. నా తోబుట్టువు" అన్నా.

గంత విప్పితే బాహూరువాళ్ళు లేచి నిలబడి ఉన్నారు.

పట్టాభి ఊరుకుంటాడా? "అయితే ఇద్దరమూ తొమ్మిదీ చెప్పినాము. సమానం. ముందు చెప్పింది నేను" అన్నాడు.

అత్త వాడిని దగ్గరికి పిలిచింది. మూడు బిరడాలు తీసి వాడి అరచేతిలో పోసింది. "యాడివి ఆడ పెట్టు" అంది. వాడు ఒకటి పెట్టాడు, లొడలొడ. ఇంకోటి పెట్టి బలంగా నొక్కాడు, ఇరుక్కుపోయింది. "ఒరే ఒరే, పగలగొడతావు!" అని అత్త అరిచిన అరుపుకు వాకిట్లో కాకులు లేచాయి. ఇరుక్కున్నది నేనే తీశా. అత్త కర్పూర తైలం సీసాను వెలుతురుకు పట్టుకుని అందరికీ చూపించింది. సగానికి దిగిపోయి ఉంది.

"చూడండి. తప్పు బిరడా పెట్టి పది దినాలు ఉంచినాడు, మందు గాలికి ఎగిరిపోయినాది. వాసన కనిపెట్టినోడికి మందు తెలుసు, కాదనను. మందు అంగట్లో దొరకతాది, రేపే తెచ్చుకో పట్టాభీ. బిరడా కనిపెట్టినదానికి సీసా తెలుసు. నేనిచ్చేది సీసాలు" అంది.

పెట్టె నా ఒళ్ళో పెట్టింది.

అక్కా, నేను గట్టిగా ఏడ్చేశా. వాము నీళ్ళ బిరడాతో పోటీ పడ్డా. అప్పుడు అత్త నా చెవి దగ్గరికి వంగి, "ముక్కెప్పుడు పోయినాదే?" అంది.

నా ఏడుపు ఆగిపోయింది. "నీకెట్ల తెలుసత్తా?"

"ఫిబ్రవరిలో మాడిన పాలతో కాఫీ తెచ్చిచ్చినావు. మాడిన పాలు కావాలని పట్టాభికి ఇస్తావు నువ్వు, నాకియ్యవు" అంది. అప్పటినుంచి తెలిసీ నోరెత్తలేదు ఆమె! "మరి పరీక్ష ఎందుకు పెట్టినావు?" అన్నా. "నీకేం మిగిలినాదో నువ్వే చూసుకోవాల గదా" అంది, అప్పడం కొరుకుతా.

ఈ పొద్దున కోసపాళయంలో మన గుమ్మం ముందు మొదటి బిడ్డ వచ్చింది. మూడు నెలలది, రాత్రంతా కాళ్ళు ముడుచుకుని ఏడ్చిందంట. కవిప్రియ వాము నీళ్ళు మూచూసి, "బాగుంది అత్తా, ఘాటుగా ఉంది" అంది. నేను పోశా. బిరడా కీచుమంటే బిడ్డ ఏడుపు ఆపి దానివైపే చూసింది, తనకంటే గట్టిగా ఎవరు ఏడుస్తున్నారా అని. ఈ ఇంట్లో ముక్కు కవిప్రియది, చెయ్యి నాది. మీ మరిదిది ఎప్పటిలాగే కంచం.

పట్టాభిని మాత్రం మర్చిపోలేదు. నిన్న సాయంత్రమే వాడి గెస్ట్‌హౌస్ వెనక పడేసిన బీరు సీసాలు తొమ్మిది ఏరి, కడిగి, నీలం రిబ్బన్లు కట్టి, "బల్బులకు" అని చీటీ పెట్టి పంపించా. వెధవ రాత్రికి రాత్రే నిజంగానే బల్బులు పెట్టేశాడు! ఫోటోలు తీసుకుంటున్నారంట జనం. వాడే ఫోన్ చేసి చెప్పాడు, "అక్కా, బాగుండాదే!" అని. తమ్ముడు కదా, నవ్వొచ్చింది.

ఇంకో మాట. నీ ఇంగువకు బదులుగా, ఈ ఉత్తరానికి తనకిష్టమైన వాసన పట్టించమని కవిప్రియకు ఇచ్చా. ఏం పెట్టిందో నాకు చెప్పలేదు, నాకు తెలిసే దారీ లేదు. ఏ వాసనో నువ్వే చూసి రాయి. ఎదురుచూస్తుంటా.

సీసాల యజమానురాలు,
తిలకవతి

---

పుత్తూరు
11 ఆగస్టు 2025

నా తల్లీ,

గేటు దగ్గర కుర్చీలోనే చదివి, అక్కడే కళ్ళు తుడుచుకుని, వీధిలో పోయేవాళ్ళందరికీ చెప్పాను. బావ మైసూరుపాకు తెచ్చారు. నీ శిక్ష ఇన్నాళ్ళకు బహుమానమైంది.

ఇక ఆ వాసన సంగతి. ఉత్తరాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాను, ఏమీ తెలియలేదు. మల్లె అనుకున్నాను, కాదు. కాగితాన్ని ఎండలో వేడి చేసి చూశాను. బావను చూడమన్నాను, ఆయనకు జలుబు. ఎదురింటి ఆవిడ "ఏమీ రావడం లేదండీ" అంది. కుక్కకు చూపించాను, అది నాకింది. తిలకం, నాకు భయంగా ఉంది. పోయిన వారం నాకూ రెండు రోజులు జ్వరం తగిలింది. మైసూరుపాకు వాసన తెలుస్తోంది, నీ కాగితం వాసన ఒక్కటే తెలియడం లేదు. ఇలా కొన్ని వాసనలే పోవడం ఉంటుందా? గురువారం ముక్కు డాక్టరు దగ్గరికి టోకెను తీసుకున్నాను. కవిప్రియ ఏం పెట్టిందో వెంటనే అడిగి రాయి.

ఆందోళనతో,
వసంత

---

కోసపాళయం
16 ఆగస్టు 2025

అక్కా,

ఏమీ పెట్టలేదు.

డాక్టరు దగ్గరికి పోయే ఉంటావు. ఏమన్నాడో మొత్తం రాయి, కవిప్రియకు చదివి వినిపించాలి. కుక్కకు కూడా చూపించావని చెప్తే ఆ పిల్ల మెట్ల మీద కూలబడి నవ్వుతోంది. ఇంగువ లెక్క తీరింది.

మోకాలు బాగయ్యాక రా. నీ కళ్ళకు గంత కట్టి బిరడాలు నేర్పిస్తా. అన్నీ కుదిరిందాకా అన్నం లేదు.

తిలకవతి